ఇలా ఇవ్వమ్మా, నేను చేస్తా!
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంప్యూటర్, ఫోన్, ఇంటర్నెట్ వాడటంలో మీకు ఎదురవుతున్న ఇబ్బందులు రాయమని ఆడవాళ్లను అడిగాం. చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎన్నో ‘మా అమ్మ తరఫున రాస్తున్నాను’, ‘మా ఆవిడ అడగమంది’ అని మొదలయ్యాయి. అలా రాసినవాళ్లను తప్పుపట్టను, పని జరగాలనే రాశారు. కానీ ముప్పై ఏళ్లుగా ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పుతున్న నాకు ఈ తరఫున రాయడమే అసలు సమస్య అనిపిస్తుంది. ఈసారి ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఫోన్ ఉంది కానీ మాట్లాడటానికి, వీడియోలు చూడటానికి తప్ప వాడను. ఏదైనా ఫారం నింపాలన్నా, టికెట్ బుక్ చేయాలన్నా మా అబ్బాయి ‘ఇలా ఇవ్వమ్మా, నేను చేస్తా’ అని తీసుకుని నిమిషంలో చేసేస్తాడు. నేర్పమంటే ‘నీకెందుకు టెన్షన్, నేనున్నాగా’ అంటాడు. వచ్చే నెల వాడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తున్నాడు. ఏది నొక్కితే ఏమవుతుందోనని నా భయం. ఈ వయసులో నాకు వస్తుందా?
– ఒక తల్లి

జవాబు: తప్పకుండా వస్తుందమ్మా. నా దగ్గర 70 దాటాక మొదలుపెట్టినవాళ్లున్నారు. ముందు మీ అబ్బాయి సంగతి మాట్లాడుకుందాం. వాడు ప్రేమతోనే చేస్తున్నాడు. కానీ ఫోన్ వాడి చేతికి వెళ్లిన ప్రతిసారీ పని నేర్చుకునేది వాడి వేళ్లే. గట్టున కూర్చుని చూస్తే ఎవరికైనా ఈత వస్తుందా?

నా క్లాసులో ఒక నియమం ఉంది. నేర్పేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. మౌస్ ముట్టుకోకూడదు, ఫోన్ తీసుకోకూడదు, అంతా నోటితోనే చెప్పాలి. ‘కింద కుడివైపు నీలం రంగు బటన్ ఉంది చూడండి, అది నొక్కండి’ అనాలి. అలా చెబితే నిమిషం పనికి అరగంట పడుతుంది. కొత్తగా చేరిన టీచర్లకు ఓపిక చాలక చెయ్యి ముందుకు వచ్చేస్తుంది. అప్పుడు వాళ్లను పక్కకు పిలిచి నా కథ చెబుతాను.

1991లో నేను ఒక ఆఫీసులో టైపిస్టుగా పనిచేసేదాన్ని. అక్కడికి ఒక కంప్యూటర్ వచ్చింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. దానికొక ఆపరేటర్‌ని పెట్టారు. సాయంత్రం కాగానే ఆయన దానికి ప్లాస్టిక్ కవర్ కప్పి వెళ్లేవాడు. నేను దగ్గరికి వెళ్తే ‘ముట్టుకోకండి, డేటా పోతుంది’ అనేవాడు. డేటా అంటే ఏమిటో, ఎలా పోతుందో చెప్పేవాడు కాదు. కాగితాలు ఇచ్చే నెపంతో వెనక నిలబడి, ఆయన ఏ కీ తర్వాత ఏ కీ నొక్కుతున్నాడో చిన్న చీటీల మీద రాసుకునేదాన్ని. నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఆయన సెలవులో ఉన్నాడు. జీతాల పట్టీ ఆ సాయంత్రానికల్లా కావాలి. కవర్ తీసి కూర్చున్నాను. చీటీలో ఉన్నట్టే డి, ఐ, ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. ఫైళ్ల పేర్లన్నీ వరసగా తెర మీద పరుగెత్తాయి. డేటా ఏమీ పోలేదు. నా చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. ఆ వణుకు గుర్తుంది కాబట్టే మీ ఉత్తరంలో ‘భయం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. మీరు పొరపాటున ఏదైనా తెరిస్తే ‘బ్యాక్’ నొక్కి వెనక్కి రావచ్చు. తప్పు అక్షరం పడితే చెరిపేయవచ్చు. ఫొటో డిలీట్ అయినా చాలా ఫోన్లలో కనీసం 30 రోజులు ‘ట్రాష్’ అనే చెత్తబుట్టలో ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. యాప్ పోతే మళ్లీ వేసుకోవచ్చు. ఫోన్ మొత్తం ఖాళీ అయిపోవాలంటే సెట్టింగ్స్‌లో లోపలికి వెళ్లి, అది అడిగే హెచ్చరికలన్నిటికీ ఒప్పుకోవాలి. వేలు తగిలినంత మాత్రాన జరిగే పని కాదు.

నిజంగా భయపడాల్సినవి కొన్నే. పంపిన డబ్బు వెనక్కి రావడం కష్టం. ఓటీపీ ఒకరికి చెప్పామంటే తాళంచెవి ఇచ్చినట్టే. తెలియనివాళ్లు పంపిన లింకు నొక్కి అందులో పిన్, పాస్‌వర్డ్ కొట్టడం ప్రమాదం. ‘మీ ఫోన్ బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి’ అని ఫోన్‌లో ఎవరైనా చెబితే ఆ యాప్‌తో మీ తెర మొత్తం వాళ్లకు కనిపించవచ్చు. ఈ నాలుగింటి దగ్గర ఆగి ఆలోచించండి. మిగతాచోట్ల ధైర్యంగా నొక్కండి.

ఇంకో మాట. మాకు రాదు అని మీరు అనుకునే చాలా సందర్భాల్లో తప్పు మీది కాదు. తడి చేతికి, పనిచేసి బాగా ఎండిపోయి గట్టిపడిన వేళ్లకు టచ్ స్క్రీన్ సరిగా పలకదు. పదిసార్లు నొక్కి ‘నాకు చేతకాదు’ అని పక్కన పెట్టేసినవాళ్లను చూశాను. చేతులు తుడుచుకుని, కాస్త క్రీమ్ రాసుకుని నొక్కమంటే పని జరిగింది. కంప్యూటర్ క్లాసులోనూ అంతే. మౌస్ జరుపుతూ జరుపుతూ బల్ల అంచుకు వచ్చేసరికి ఇక జాగా లేదని ఆగిపోతారు. మౌస్‌ను ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్లకు అది చెప్పాల్సిన విషయమనే తోచదు. మూడు చుక్కలు కనిపిస్తే అక్కడ ఇంకా మెనూ ఉందని, కొన్నిచోట్ల వేలు కాసేపు నొక్కిపట్టాలని కూడా ఎవరో ఒకరు చెప్పాలి, లేదా మనమే నొక్కి చూసుకోవాలి.

అబ్బాయి వెళ్లేలోపు ఒక పని చేయండి. వారం వారం తప్పనిసరిగా వచ్చే పని ఒక్కటి ఎంచుకోండి, సరుకులు ఆర్డర్ చేయడమో మరొకటో. వాడిని పక్కన కూర్చోబెట్టి, చేతులు కట్టుకోమని చెప్పి, మొదటి నుంచి చివరి దాకా మీరే చేయండి. ఏం నొక్కారో మీ మాటల్లో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నా విద్యార్థిని ఒకరు వెతికే గుర్తును ‘భూతద్దం బొమ్మ’ అని, మెనూను ‘మూడు గీతలు’ అని రాసుకునేవారు. అలాగే రాసుకోవాలి. పిన్, పాస్‌వర్డ్ మాత్రం అందులో వద్దు, అది అందరి కంటా పడే పుస్తకం. రెండోసారి వాడు గదిలో ఉండాలి, పక్కన కాదు. మూడోసారి ఇంట్లో లేనప్పుడు చేయండి. మూడోసారి మీకు వచ్చేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కలు చాలా బాగా చేస్తుంది. కానీ కంప్యూటర్ అంటే బోర్ అంటోంది. వాళ్ల ల్యాబులో నలుగురికి ఒక కంప్యూటర్. ఆడపిల్లలకు సహజంగానే వీటి మీద ఆసక్తి తక్కువని బంధువులు అంటున్నారు. నిజమేనా? బలవంతం చేయడం నాకిష్టం లేదు.
– ఒక తండ్రి

జవాబు: బలవంతం చేయకండి. ఒక్క ప్రశ్న మాత్రం అడగండి. ఆ నలుగురిలో కీబోర్డు ముందు కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

నేను చాలా స్కూలు ల్యాబులు చూశాను. బెల్ కొట్టగానే ముందు పరుగెత్తేవాళ్లు ఆ కుర్చీ పట్టుకుంటారు. చాలాసార్లు వాళ్లు మగపిల్లలే. ఆడపిల్లలు వెనక నిలబడి నోట్సు రాసుకుంటారు. రికార్డు పుస్తకం అందంగా ఉంటుంది, మార్కులూ వస్తాయి. ఏడాది చివరికి చూస్తే కీబోర్డు మీద వేళ్లు ఆడించిన సమయం పది నిమిషాలు కూడా ఉండదు. అలా వెనక నిలబడితే ఎవరికైనా బోరే. నేనూ నాలుగు నెలలు నిలబడ్డాను కదా, నాకు తెలుసు.

మీ బంధువులతో మాట్లాడేటప్పుడు ఈ సంగతులు చెప్పండి. ‘కంప్యూటర్’ అన్న పేరు యంత్రానికి రాకముందు మనిషికి ఉండేది. లెక్కలు కట్టే ఉద్యోగిని అలా పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫిరంగి గుండు ఎంత దూరం పోయి ఎక్కడ పడుతుందో అమెరికా సైన్యం కోసం లెక్కగట్టిన ‘కంప్యూటర్లు’ ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ లెక్కలు వేగంగా చేయడానికి ఎనియాక్ అనే యంత్రాన్ని కట్టారు. స్విచ్చుల్లా పనిచేసే గాజు గొట్టాలు, అంటే వాక్యూమ్ ట్యూబులు, సుమారు 18 వేలు, ఒక పెద్ద గది నిండా. దానికి ప్రోగ్రామ్ చేయడానికి 1945లో ఆరుగురు ఆడవాళ్లను ఎంపిక చేశారు. కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్. మొదట్లో వాళ్లకు ఆ యంత్రం ఉన్న గదిలోకి వెళ్లడానికి అనుమతి కూడా లేదు. వైరింగ్ పటాలు చేతికిచ్చి నేర్చుకోమన్నారు. పుస్తకం లేదు, టీచరు లేడు. పటాలు చదివి యంత్రం ఎలా పనిచేస్తుందో వాళ్లే తెలుసుకున్నారు.

1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ను లోకానికి చూపించారు. గుండు నిజంగా ఎగిరి పడటానికి పట్టే సమయం కంటే తక్కువలో దాని దారి మొత్తం లెక్కగట్టి చూపింది. ఆ ప్రోగ్రామ్ ఈ ఆడవాళ్లు రాసిందే. ఆ రాత్రి జరిగిన విందుకు వాళ్లను పిలవలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1980లలో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫొటోల్లో యంత్రం పక్కన ఉన్న ఆడవాళ్లెవరని ఆరా తీసింది. యంత్రం అందంగా కనబడటానికి నిలబెట్టిన మోడల్స్ అని జవాబు వచ్చింది. ఆమె నమ్మలేదు. వెతికి వాళ్లను కలిసింది, వాళ్ల చేత మాట్లాడించి రికార్డు చేసింది. అందువల్లే ఈరోజు ఆ ఆరు పేర్లూ మీకు రాయగలుగుతున్నాను. ఈ కథ క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1843లో ఇంగ్లండు గణితవేత్త అడా లవ్‌లేస్ ఉన్నారు. అప్పటికి కాగితం మీద మాత్రమే ఉన్న ఒక యంత్రం లెక్కలు ఎలా చేయాలో అంచెలంచెలుగా రాసి అచ్చువేశారు. ముందుకు వస్తే 1952లో అమెరికా గణితవేత్త గ్రేస్ హాపర్ మొదటి కంపైలర్లలో ఒకటి తయారుచేశారు. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేదే కంపైలర్.

మరి ఆడపిల్లలు ఎందుకు తగ్గారు? అమెరికా లెక్కలు చూడండి. 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో సుమారు 37 శాతం ఆడవాళ్లు. ఆ తర్వాత అది పడిపోతూ వచ్చి 20 శాతం లోపుకు చేరింది. ఇరవై ముప్పై ఏళ్లలో ఆడపిల్లల మెదడు మారిపోదు కదా. ఆ కాలంలోనే ఇళ్లలోకి చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిని మగపిల్లల ఆటవస్తువుల్లా ప్రకటించారు, మగపిల్లల గదుల్లో పెట్టారు. కాలేజీకి వచ్చేసరికి అబ్బాయిల చేయి తిరిగి ఉంది, అమ్మాయిలు అప్పుడే మొదలుపెడుతున్నారు. ఆ తేడాను తెలివిలో తేడా అనుకున్నారు.

అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఈ సంగతి తేలింది. అక్కడ 1995లో కంప్యూటర్ సైన్స్‌లో చేరిన విద్యార్థుల్లో ఆడపిల్లలు 7 శాతం. జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్ అనే ఇద్దరు ఆ విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడారు. ఆ తర్వాత యూనివర్సిటీ వాళ్లు ముందే ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు ప్రవేశాల్లో ఇచ్చే ప్రాధాన్యం తీసేశారు. అప్పుడే మొదలుపెట్టేవాళ్లకు వేరే తొలి కోర్సు పెట్టారు. 2000 నాటికి ఆడపిల్లలు 42 శాతం అయ్యారు. డిగ్రీ కష్టం తగ్గలేదు, లోపలికి వచ్చే దారి మారింది.

మీరు చేయాల్సింది చిన్నదే. స్కూల్లో టీచరుతో మాట్లాడి, ఆ కుర్చీలో పది నిమిషాలకొకరు మారేలా గడియారం పెట్టమనండి. నలుగురికీ మేలే. ఇంట్లో కంప్యూటర్ ఉంటే రోజూ అరగంట అది ఆమెదేనని చెప్పండి. ఆ అరగంటలో అన్నయ్య గానీ మీరు గానీ వెనక నిలబడి సలహాలు ఇవ్వకూడదు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే ప్రోగ్రామ్ ఉచితం. రంగురంగుల ముక్కలు ఒకదానికొకటి తగిలించి బొమ్మలను కదిలించవచ్చు, ఆటలు తయారుచేయవచ్చు. లెక్కలు ఇష్టమైన పిల్ల కాబట్టి చుక్కలతో ముగ్గులాంటి ఆకారాలు గీయమనండి. కోణాలు ఎలా మార్చాలో ఆమే కనుక్కుంటుంది. ఆ తర్వాత కూడా బోర్ అంటే అది ఆమె సొంత అభిప్రాయం, గౌరవించండి.

ప్రశ్న: మా ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్. అది మావారి దగ్గరే ఉంటుంది. నేను కుట్టు పని చేస్తాను. కస్టమర్లకు డిజైన్లు పంపాలంటే ఆయన వచ్చేదాకా ఆగాలి. ‘ఇంట్లో ఒకటుందిగా, నీకు వేరే ఎందుకు’ అంటారు. మంచివారే, కానీ ఇది అర్థం చేసుకోరు. ఏం చెప్పాలి?
– ఒక దర్జీ

జవాబు: ఇంట్లో ఒకటుంది అన్న మాటను ప్రపంచం మొత్తం కలిసి ఎప్పుడో పక్కన పెట్టిందమ్మా. 2015లో ఐక్యరాజ్యసమితి దేశాలన్నీ అంగీకరించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది స్త్రీ పురుష సమానత్వం. అందులో సాంకేతికత గురించి ఒక అంశం ఉంది. దాని ప్రగతిని ఎలా కొలుస్తారంటే, మొబైల్ ఫోన్ సొంతంగా ఉన్నవాళ్లెందరో ఆడవాళ్లను, మగవాళ్లను వేరువేరుగా లెక్కపెట్టి. ఇంటికొక ఫోన్ అని లెక్కిస్తే మీలాంటివాళ్లు కనబడకుండా పోతారని వాళ్లకు తెలుసు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024 లెక్కల ప్రకారం ప్రపంచంలో మగవాళ్లలో 70 శాతం ఇంటర్నెట్ వాడుతుంటే, ఆడవాళ్లలో 65 శాతం వాడుతున్నారు.

మీవారితో ఈ అంకెల గురించి కాకుండా, మీ పని లెక్కతో మాట్లాడండి. ఒక నెల పాటు చీటీ రాయండి. ఏ రోజు ఏ కస్టమర్ డిజైన్ అడిగింది, మీరు ఎప్పుడు పంపగలిగారు, ఈలోగా ఎవరు వేరేచోట కుట్టించుకున్నారు. ఆ కాగితం ఆయన ముందు పెట్టండి. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురి ఇళ్లలో దీనితోనే ఫోన్ వచ్చింది. పాతదైనా, సెకండ్ హ్యాండ్‌దైనా మీ పనికి చాలు.

ఈలోగా ఒక ఫోన్‌లోనే మీకంటూ కొంత చోటు చేసుకోవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ‘యూజర్స్’ అని ఉంటుంది. అక్కడ మీ పేరుతో ఇంకో యూజర్‌ని చేర్చితే మీ యాప్‌లు, మీ ఫొటోలు, మీ లాక్ వేరుగా ఉంటాయి. మీ పేరుతో ఒక ఈమెయిల్ తెరవండి. ఇక్కడ చాలామంది ఒక విషయం గమనించరు. ఖాతా మీ పేరున ఉన్నా, ఓటీపీ ఎవరి నంబరుకు వస్తే తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టే. మామూలు చిన్న ఫోన్ మీకు ఉంటే దాని నంబరే ఇవ్వండి. ఓటీపీ రావడానికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మెసేజ్ వచ్చే ఫోన్ ఏదైనా సరిపోతుంది.

మీవారు మంచివారని రాశారు, సంతోషం. ఈ పేజీ చదివే అందరి పరిస్థితీ అలా ఉండదు. ఫోన్‌కు కొత్త లాక్ పెడితే ఇంట్లో కొడతారన్న భయం ఉన్నవాళ్లు తొందరపడి ఏదీ మార్చవద్దు. నమ్మకమైన స్నేహితురాలి ఫోన్ గానీ, లైబ్రరీ కంప్యూటర్ గానీ వాడి ముందు సహాయం అడగండి. పని కాగానే లాగౌట్ చేయడం మరిచిపోవద్దు.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. ఒకప్పటి స్నేహితుడు నా వ్యక్తిగత ఫొటోలు అందరికీ పంపిస్తానని బెదిరిస్తున్నాడు. ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుని చదువు మాన్పిస్తారు. నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దు

జవాబు: చెల్లీ, ముందు ఒక మాట. తప్పు చేసింది బెదిరిస్తున్నవాడు. ఫొటో ఇవ్వడం నీ నమ్మకం, దాన్ని ఆయుధం చేసుకోవడం అతని నేరం.

అతని మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకు. తేదీ, సమయం, అతని నంబరు లేదా ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, వాటిని నువ్వు నమ్మే ఒకరికి పంపి దాచమను. డబ్బు గానీ ఇంకో ఫొటో గానీ అడిగితే ఇవ్వకు. ఇచ్చినవాళ్లను మళ్లీ మళ్లీ అడిగారు తప్ప వదిలినవాళ్లను నేను చూడలేదు. సాక్ష్యం దాచాకే బ్లాక్ చేయి. నీ ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చి, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టు. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి, నీది కాని కంప్యూటర్ ఏదైనా కనబడితే లాగౌట్ చేయి.

‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సేవ ఉంది, 2021 డిసెంబరులో మొదలైంది. 18 ఏళ్లు నిండినవాళ్లకు. అక్కడ ఫొటోను ఎక్కడికీ పంపనక్కర్లేదు. నీ ఫోన్‌లోనే ఆ ఫొటోకు వేలిముద్ర లాంటి ఒక అంకెల వరస తయారవుతుంది, అది మాత్రమే బయటికి వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి భాగస్వామి సంస్థల్లో ఎవరైనా అదే ఫొటో పెట్టబోతే ఆ వేలిముద్రతో గుర్తుపట్టి ఆపగలుగుతారు. అన్ని యాప్‌లూ ఇందులో లేవు, అయినా ముందే చేసి ఉంచడం మంచిది. 18 ఏళ్లు నిండకముందు తీసిన ఫొటోలైతే ‘టేక్ ఇట్ డౌన్’ అనే సేవ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. ఆ తర్వాత పోలీసుల సైబర్ విభాగానికి ఫిర్యాదు చేయి. ఒంటరిగా వెళ్లకు. అమ్మో, అత్తో, కాలేజీ టీచరో, నిన్ను కోప్పడకుండా వినే ఒక్క మనిషి తోడుంటే చాలు.

ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతున్నాను. ఇలాంటిది జరిగినప్పుడు పిల్ల ఫోన్ లాక్కోవద్దు. ఫోన్ పోతుందన్న భయంతోనే పిల్లలు చెప్పడం లేదు. వాళ్లు చెప్పరని బెదిరించేవాడికి తెలుసు, అదే అతని బలం.

ప్రశ్న: మా మహిళా సంఘంలో కంప్యూటర్ క్లాసు పెట్టాం. మొదటిరోజు 25 మంది వచ్చారు, రెండో వారానికి ఆరుగురే మిగిలారు. కంప్యూటర్లు ఉన్నాయి, టీచరు ఉన్నారు. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక సంఘం కార్యదర్శి

జవాబు: మీరు పంపిన సిలబస్ చూశాను. మొదటి వారమంతా సీపీయూ అంటే ఏమిటి, ఇన్‌పుట్ పరికరాలు, కంప్యూటర్ తరాలు. అది తీసేయండి. వచ్చిన ప్రతి ఒక్కరినీ ‘మీకు ఏ పని సొంతంగా చేసుకోవాలని ఉంది’ అని అడగండి. పిల్లల స్కూలు మెసేజ్ చదవడం, దూరాన ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడటం, సంఘం పద్దులు రాయడం అంటారు. మొదటి గంటలోనే వాటిలో ఒకటి వాళ్ల చేత పూర్తి చేయించండి. సంఘం పద్దులైతే, లెక్కల పట్టికలు రాసే ఎక్సెల్ ప్రోగ్రామ్ దానంతట అదే వస్తుంది.

సమయం కూడా చూడండి. సాయంత్రం ఆరింటికి ఆడవాళ్లు రాలేరు. చిన్నపిల్లల్ని తెచ్చుకోనివ్వండి, గదిలో ఒక మూల చాప పరిచి చూసుకోవడానికి ఒకరిని ఉంచండి. 1962లో ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’ అనే కంపెనీ పెట్టారు. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ప్రోగ్రామర్లకు ఇంటి దగ్గరే, వీలైన గంటల్లో పని ఇచ్చారు. మొదటి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది ఆడవాళ్లు. ధ్వని కంటే వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్‌కు ప్రోగ్రామ్ రాసింది వాళ్లే. ఆ రోజుల్లో ఇళ్లలో కంప్యూటర్లు లేవు, పెన్సిల్‌తో కాగితం మీద రాసి పంపేవారు.

మానేసిన 19 మంది ఇళ్లకు వెళ్లి ఎందుకు రాలేదో అడగండి. ఆ జవాబులు నాకు రాసి పంపితే కొత్త సిలబస్ మనం కలిసి రాద్దాం.

ప్రశ్న: నమస్కారం. ఈ మెయిల్ నేనే టైప్ చేశాను. ఎవరూ చేసిపెట్టలేదు. గంటన్నర పట్టింది. ఒత్తులు ఎక్కడున్నాయో దొరకలేదు. నా వయసు 63. ఇది మీకు అందిందా? మీరు జవాబిస్తే ఎక్కడ చూడాలి?
– మీ పాఠకురాలు

జవాబు: అందిందమ్మా. మూడుసార్లు చదివాను. ఒత్తు కావాలంటే ముందు పై అక్షరం కొట్టండి, తర్వాత పొల్లు (్), ఆ తర్వాత కింద రావాల్సిన అక్షరం. ‘అమ్మ’ అని రాయాలంటే అ, మ, పొల్లు, మ. చాలా తెలుగు కీబోర్డుల్లో ఇదే వరస. పొల్లు గుర్తు ఎక్కడుందో ఒకసారి వెతికి పెట్టుకోండి.

నా జవాబు ‘ఇన్‌బాక్స్’లో పై వరసల్లో ఉంటుంది, చదవని మెయిల్ కాబట్టి అక్షరాలు లావుగా కనబడతాయి. అక్కడ లేకపోతే అక్కర్లేని మెయిళ్లు పడే ‘స్పామ్’లో చూడండి. తెరిచాక కింద వంకర బాణం గుర్తు ఉంటుంది, అది నొక్కి నాకు మళ్లీ రాయవచ్చు. నిన్న సాయంత్రమే పంపాను. మీ ఉత్తరం కోసం చూస్తుంటాను.